ఎడమ పక్క చెరువు

మా నాన్నకి ఇల్లంటే జైలు. గూడ్సు బండి డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా రాయపూరుకీ బిలాస్‌పూరుకీ మధ్య పట్టాల మీదే బతికిన మనిషి. ఆ ఏడు వానలు వెనకబట్టాక మలేరియా తలకెక్కి మంచం పట్టాడు. పది రోజులు స్పృహ లేదు. బతికి బయటపడ్డాక ఒంట్లో ఓపిక చేరడానికి మూడు నెలలు పట్టింది. ఓపిక చేరాక మొదలైంది అసలు రోగం. రెండు గదుల రైల్వే క్వార్టర్లో కాలు కాలిన పిల్లిలా తిరగడం. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి, మళ్ళీ పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి. స్టేషను వైపు ఏ ఇంజను కూత పెట్టినా ఆగిపోయి, "ఎవుడాడు? అంత పొడుగు కూతేటి?" అని తిట్టేవాడు. బియ్యం ఏరుకుంటూ మా అమ్మ, "మీరు కాసేపు కూకోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? డెబ్బైల మొదట్లో మాట, అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బి.ఏ. అయిపోయింది, పెళ్ళి కుదరలేదు, ఉద్యోగం రాలేదు. పుట్టిందీ పెరిగిందీ రాయపూర్లోనే. మావాళ్ళది విజయనగరం పక్క పల్లె అయినా నేను అక్కడికి వెళ్ళింది రెండుసార్లు. ఎక్కడికైనా పోవాలని ఒకటే గింజులాట. "ఎక్కడికే?" అని అమ్మ అడిగితే చెప్పలేక, ఆ కోపం గిన్నెల మీద చూపించేదాన్ని. చివరికి కాలనీ తెలుగువాళ్ళు నా మీద జాలిపడో, గిన్నెల మీద జాలిపడో, ఆదివారం పొద్దున్న రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో చిన్నపిల్లలకి తెలుగు చెప్పే పని నాకు అప్పగించారు.

ఐదేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ. మూడూ కలిపి వాళ్ళు మాట్లాడేది నాలుగో భాష. అఆలు దిద్దించబోతే గోల. కథ చెప్తానంటే చాలు, ఒకరి మీద ఒకరు పడి కూర్చునేవారు. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం దొరికింది. ఓడల మీద ప్రపంచం తిరిగి తీరాల పటాలు గీసిన ఒక నావికుడి జీవితం. సముద్రం ముఖం చూడనిదాన్ని, అది చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వారానికి కొంత చొప్పున ఆయన కథ చెప్పడం మొదలుపెట్టాను.

"కూలివాడి కొడుకు. ఒక కొట్లో పనికి కుదిర్చారు. కొట్టు కిటికీలోంచి సముద్రం కనిపించేది. ఇంక చేతులు పని చేస్తాయా? పారిపోయినంత పని చేసి, బొగ్గు మోసే ఓడలో చేరాడు" అన్నాను.

"బొగ్గా!" అని క్లాసంతా లేచి నిలబడింది. "దీదీ, అయితే ఆయన ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మనా? తర్వాత డ్రైవరు అయ్యాడా?"

కాదర్రా, అది తెరచాప ఓడ, బొగ్గు అందులో సరుకు, అని ఎంత చెప్పినా ఎవరు వింటారు? బొగ్గు ఉన్నాక ఇంజను ఉండాలి, ఇంజను ఉన్నాక కూత ఉండాలి. సముద్రం ఎంత ఉంటుందంటే, "బూఢా తాలాబ్ కంటే బడాగా ఉంటుందా?" అని అడిగారు. మా ఊరి చెరువు కంటే పెద్ద నీళ్ళు వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు. ఉంటుందన్నాను.

లోతు కొలవడం మాత్రం భలే నచ్చింది వాళ్ళకి. ఓడ మీంచి తాడుకి సీసం గుండు కట్టి దింపేవారు. గుండు అడుగున కొవ్వు పూసేవారు, అడుగున ఇసుక ఉందో రాయి ఉందో దానికి అంటుకుని పైకి వచ్చేది. మేం హాలు వెనక సిమెంటు తొట్టెలో ప్రయోగం చేశాం. సీసం గుండుకి బదులు తాళంకప్ప, కొవ్వుకి బదులు బెల్లం. తాళంకప్ప చుట్టూ చీమలు పట్టి, తాళంచెవి దూరక, ఆ హాలు వారం రోజులు తెరవలేకపోయారు. ఇన్‌స్టిట్యూట్ కమిటీవాళ్ళ చేత చీవాట్లు తిన్నాను.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని దారి చదువుతున్నాడు. అది ఆయన అలవాటు. మా అమ్మ విష్ణు సహస్రనామం చదివినట్టు, ఆయన రాయపూర్ నుంచి మొదలుపెట్టి సిగ్నలు సిగ్నలూ చెప్పుకుంటూ పోతాడు. ఎక్కడ ఆవిరి తగ్గించాలి, ఎక్కడ గేటుకి కూత పెట్టాలి, ఎక్కడ గొడ్లు అడ్డం వస్తాయి. ఉర్కురా అయింది, మాంఢర్ అయింది, సిల్యారీ, బైకుంఠ్ అయ్యాయి. "తిల్దా దాటేం. దాటేక..." అని ఆగాడు. "దాటేక..." అని మళ్ళీ అన్నాడు. కాసేపటికి "భాటాపారా వచ్చింది" అని అక్కడి నుంచి గడగడా బిలాస్‌పూర్ దాకా చెప్పేశాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మీ, మజ్జిలో ముక్క పోయింది" అన్నాడు మెల్లగా. "తిల్దా కాడి నుంచి భాటాపారా దాకా. ఎంత వెతికినా దొరకట్లేదు. మీ అమ్మకి చెప్పకు."

ఇది చిన్న విషయం కాదు. మూడు నెలలు దాటి లైనుకి దూరంగా ఉన్న డ్రైవరు మళ్ళీ దారి నేర్చుకోవాలి. మరో డ్రైవరు పక్కన నిలబడి కొన్ని ట్రిప్పులు వెళ్ళి వచ్చి, ఆ తర్వాత రిజిస్టర్లో 'ఈ దారి నాకు తెలుసు' అని సంతకం పెట్టాలి. ఇంజన్ల షెడ్డు ఫోర్‌మన్ సాబ్‌కి నాన్నంటే గౌరవం. "ఇరవై ఏళ్ళ డ్రైవరువి, నీకు నేర్పేవాడెవడు? ఇంకో రెండు వారాలాగి సోమవారం దస్తఖత్ చేసెయ్యి, మంగళవారం బండి తీసుకెళ్ళు" అని కబురు పంపాడు. అమ్మ ఆ కబురు విని దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది.

"నిజం చెప్పి ట్రిప్పులు అడుగు నాన్నా" అన్నాను.

"అడిగితే ఎందుకంటారు. తలలో చిల్లు పడిందంటే డాక్టర్ల కాడికి తోలుతారు. ఆళ్ళు ఒకసారి కాదని రాసేరంటే నన్ను మళ్ళీ ఇంజను ఎక్కనివ్వరు. షెడ్డులో బూడిద ఎత్తుకుంటూ బతకాల" అన్నాడు. అంటూనే లేచి మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు.

నాకు నావికుడి పిచ్చి పట్టి ఉంది కదా. పటం గీద్దాం అన్నాను. పాత నోటు పుస్తకాల కాగితాలు అన్నం మెతుకులతో ఒకదాని వెనక ఒకటి అతికించి పొడుగాటి చుట్ట చేశాను. రోజూ మధ్యాహ్నం అమ్మ నిద్రపోగానే నాన్న చెప్పడం, నేను గీయడం. పట్టాలు, గేట్లు, సిగ్నళ్ళు, మలుపులు. తిల్దా దాకా వచ్చాక నాలుగు కాగితాలు ఖాళీగా ఉండిపోయాయి. భాటాపారా నుంచి మళ్ళీ గీతలు. 

ఆ ఆదివారం క్లాసులో నావికుడు కొత్త తీరం చేరాడు. ఒక బుడత లేచాడు. "దీదీ, అక్కడ మనుషులు ఉన్నారా?"

"ఉన్నారు. ఎప్పటినుంచో ఉన్నారు."

"వాళ్ళకి రస్తా తెలుసా?"

"తెలుసు."

"మరి వాళ్ళనే అడగొచ్చు కదా!"

నా నెత్తిన మొట్టినట్టయింది. అడగొచ్చు కదా! మా ఎదురు క్వార్టర్లోనే ఉన్నాడు గార్డు మావయ్య. అదే లైను మీద నాన్న బళ్ళకి వెనక గార్డుగా ఏళ్ళ తరబడి తిరిగినవాడు. పిల్లలకి రైలుదారి పటం గీయాలి మావయ్యా అని అబద్ధమాడి, పుస్తకం పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను.

"రాసుకో కోడలా" అని ఆయన కళ్ళు మూసుకుని ఉత్సాహంగా మొదలెట్టాడు. "తిల్దా దాటేక ఎడం చేతి పక్క ఇటుకల బట్టీ. ఆ తరవాత ఎడం పక్కనే చెరువు. చెరువు దాటగానే లైను కుడికి తిరుగుతాది. మలుపులోనే సిగ్నలు ఉంటాది, చూసుకోవాల." ఒక్క గేటు కూడా వదలకుండా చెప్పాడు. వాళ్ళావిడ ఇచ్చిన జంతికలు తింటూ నేను రాసుకున్నాను. ఇంటికి వచ్చి నాలుగు కాగితాలూ నింపేశాను. గొప్ప ఖండం కనిపెట్టినంత గర్వం నాకు.

నాన్నకి చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. రెండు రోజులు చదివాడు. మూడో రోజు పెరట్లో మొహం కడుక్కుంటున్నవాడు కాస్తా చెంబు పడేసి లోపలికి వచ్చాడు.

"అమ్మీ, గ్యాపకం వచ్చీసింది! ఎడం పక్క చెరువు. అవును! గేదెలు దిగి ఉంటాయి. గట్టు మీద తెల్ల గుడి ఒకటి. నా కిటికీలోంచే కనిపిస్తాది. నాను కూత పెడితే గేదెలు తలలు ఎత్తుతాయి!"

గేదెలు నేను గీయలేదు. తెల్ల గుడి గార్డు మావయ్య చెప్పలేదు. అంటే నిజంగానే జ్ఞాపకం తిరిగి వచ్చిందన్నమాట. నేను ఏడ్చేశాను. ఆయన నా నెత్తి మీద తడిచేత్తో తట్టి, ఆ పూట ఎన్నాళ్ళకో గుమ్మంలో స్థిమితంగా కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. డ్యూటీకి పట్టుకెళ్ళే ఇనప పెట్టె దింపి తుడిచాడు. జెండాలు ఉతికి ఆరేసింది అమ్మ.

తర్వాతి ఆదివారం వచ్చింది. మర్నాడే సంతకం. క్లాసులో నేను మంచి ఊపు మీద ఉన్నాను. ఓడ తీరం వెంట ఎలా సాగుతుందో చూపిద్దామని పిల్లల్ని వరసగా నిలబెట్టాను. హాలు గోడ తీరం. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గోడ పక్కగా నడవాలి. నడుస్తూ, తీరం ఏ చేతి పక్క ఉందో నాకు చెప్పాలి. ఓడరా బాబూ, అని మొత్తుకుంటున్నా ముందున్నవాడు ఛుక్ ఛుక్ మొదలుపెట్టాడు. ఆఖరున ఉన్న ఐదేళ్ళ పిల్ల జేబురుమాలు తీసి ఊపుతోంది. ఓడకి కూడా గార్డు ఉండాలిట! రైలు పిల్లలకి ఏం చెప్పగలం?

"తీరం ఏ పక్క?" అన్నాను.

"తినే చెయ్యి!" అని అందరూ అరిచారు.

"ఎడం చెయ్యి!" అంది ఆఖరి పిల్ల.

"తినే చెయ్యే తల్లీ. అందరూ చెప్పారుగా."

"నహీ దీదీ, ఎడమే!"

"ఎడమ ఏదో తెలీదుటే నీకు? పోయిన వారమే ఆ చేతికి గాజు వేసి చూపించాను కదా" అని విసుక్కుంటూ దగ్గరికి వెళ్ళాను. అది గాజున్న చేతిని గోడకి ఆనించి, నాకేసి మొండిగా చూసింది. గోడ దాని ఎడమ పక్కనే ఉంది. ఎందుకంటే అది వెనక్కి తిరిగి నడుస్తోంది. "గార్డు పీఛే దేఖ్‌తా హై దీదీ" అంది. గార్డు వెనక్కే చూస్తాడు, ఇంత కూడా తెలీదా అన్నట్టు.

 పిల్లల్ని అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా గార్డు మావయ్య ఇంటికి పరిగెత్తాను. ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"మావయ్యా, బండిలో మీరు ఏ వైపు చూస్తూ ఉంటారు?"

"ఇదేం ప్రశ్నే కోడలా? వెనక్కే. తోక లాంతరు చూసుకోవద్దూ, దాటిన స్టేషనుకి జెండా ఊపొద్దూ? ముందుకి చూస్తే నాకేటి కనిపిస్తాది, డబ్బా వెనక!"

"మరి మీరు చెప్పిన ఎడం పక్క?"

"నా ఎడం పక్కే" అన్నాడు. అని, నా మొహం చూసి పేపరు మడిచాడు. "పిల్లల పటానికి ఏదైతే ఏటే?"

ఏదైతే ఏమిటా! ఆవిరి ఇంజన్లో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు. ఎదురుగా బాయిలరు అడ్డం. లైను ఎడమకి తిరిగితే ముందున్న సిగ్నలు ఆయనకే కనిపిస్తుంది. కుడికి తిరిగితే కనపడదు, అవతలి పక్కనున్న ఫైర్‌మన్ని అడిగి తెలుసుకోవాలి. ఏ మలుపు ఎటో తెలియనివాడు వెనక అన్ని డబ్బాల్ని లాక్కుంటూ తప్పు పక్కకి చూస్తూ కూర్చుంటాడు. ఈ సంగతులన్నీ నాకు నాన్న చెప్పినవే. నా పటంలో తిల్దా దాటాక కుడి ఎడమలన్నీ తారుమారు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గడ్డం గీయించుకుని, నూనె రాసుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. వంటింట్లో అమ్మ బూరెలకి పప్పు నానబోస్తోంది. నేను చప్పుడు చేయకుండా పటం తీసి, రబ్బరు పెట్టి చెరువు చెరపడం మొదలుపెట్టాను. గుట్టుగా అటుది ఇటు మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆయన ఒక్క రాత్రిలో మళ్ళీ చదువుకోగలడు. అప్పటికి నా బుద్ధి అంతవరకే వెళ్ళింది.

"ఏటి చెరిపేస్తున్నావు?" వెనక నిలబడి ఉన్నాడు.

చెప్పాను. గార్డు మావయ్యని అడిగింది, ఆయన వెనక్కి చూసి చెప్పింది, నేను ముందుకి అనుకుని గీసింది, అన్నీ చెప్పాను.

"లేదమ్మీ. చెరువు ఎడం పక్కనే" అన్నాడు నవ్వుతూ. "నాకు గ్యాపకం ఉంది కదేటి?"

"కాదు నాన్నా. కుడి పక్క."

"పిచ్చిదానా, గేదెల్ని చూసేను. నా కిటికీలోంచి చూసేను. కుడి పక్క ఉంటే బాయిలరు అడ్డం రాదూ?" గొంతు పెంచాడు. వంటింట్లో పప్పు కడుగుతున్న చప్పుడు ఆగింది. "నీకేటి తెలుసు? నువ్వెప్పుడైనా ఇంజను ఎక్కేవా?"

 ఆయన పటం వంక చూశాడు. చెరిపిన చోట వేలు పెట్టాడు. అడిగాడు:

"మరయితే నాను చూసిందేటి?"

 ఆ రోజు ఆయన ఇంట్లో ఇటూ అటూ తిరగలేదు. ఒక్క చోటే కూర్చున్నాడు. అన్నాళ్ళూ ఆయన కాస్త కూర్చుంటే బాగుండునని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ కూర్చోవడం చూసి మాత్రం భయమేసింది.

సోమవారం పొద్దున్న షెడ్డుకి నన్ను కూడా రమ్మన్నాడు. మామూలుగా రానివ్వడు, ఆడపిల్లకి అక్కడేం పని అంటాడు. ఫోర్‌మన్ సాబ్ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల ఇద్దరు కుర్ర డ్రైవర్లు డ్యూటీ చీటీల కోసం నిలబడి ఉన్నారు. ఒకప్పుడు నాన్న దగ్గర ఫైర్‌మన్లుగా చేసినవాళ్ళు. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దన్నాడు. ఫోర్‌మన్ సాబ్ రిజిస్టరు తిప్పి నాన్న వైపుకి జరిపి, పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"సాబ్, తిల్దా సే ఆగే రాస్తా ముఝే నహీ మాలూమ్" అన్నాడు నాన్న. తిల్దా దాటాక దారి నాకు తెలీదు అని. కుర్ర డ్రైవర్లలో ఒకడు హాస్యమనుకుని నవ్వాడు. నవ్వి, ఆపేశాడు.

"మజాక్ మత్ కరో" అన్నాడు ఫోర్‌మన్ సాబ్.

నాన్న తన తలలో ఏం పోయిందో, పోయినచోట ఏం వచ్చి చేరిందో మొత్తం చెప్పాడు. గేదెల గురించి కూడా చెప్పాడు. నా పటం గురించి చెప్పలేదు. ఫోర్‌మన్ సాబ్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. అయినా నాకు వినిపిస్తూనే ఉంది. ఇది కాగితం మీద రాస్తే నిన్ను మెడికల్‌కి పంపాలి, పంపితే మళ్ళీ లైను మీదికి రానివ్వరు, తెలుసా, అంటున్నాడాయన. బతిమాలుతున్నట్టే ఉంది ఆ గొంతు.

"మాలూమ్ హై సాబ్. లిఖియే" అన్నాడు నాన్న. తెలుసు, రాయండి అని.

తిరిగి వస్తుంటే ఆయన ముందు, నేను వెనక. లెవెల్ క్రాసింగు దగ్గర బిలాస్‌పూర్ వైపు వెళ్ళే గూడ్సు అడ్డం వచ్చింది. డబ్బాలు ఒకటొకటే దాటి, ఆఖరున గార్డు పెట్టె వచ్చింది. గార్డు మావయ్యే. వెనక్కి చూస్తూ నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, సంతకం అయిందనుకుని, పచ్చ జెండా తెగ ఊపాడు. నాన్న చెయ్యెత్తి ఊపాడు. గేటు ఎత్తాక మళ్ళీ నడిచాం.

ఇంట్లో అమ్మ బూరెలు వేసి ఎదురు చూస్తోంది. "అయిందా?" అంది.

"లేదు. దారి తెలీదని చెప్పీసి వచ్చేను" అన్నాడు.

 అమ్మ పీట వాల్చి, విస్తరి వేసి, నాలుగు బూరెలు పెట్టింది. పెట్టి వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "అంతా నా వల్లే నాన్నా. నేను సరిగ్గా గీసి ఉంటే ఇలా అయ్యేది కాదు" అన్నాను.

ఆయన బూరె తుంచబోయి ఆగాడు.

"నువ్వు సరిగ్గా గీసి ఉంటే, అమ్మీ, ఆ గేదెల్ని నిజంగానే చూసేననుకుని నాను సంతకం పెట్టీసి ఉండేవోణ్ణి" అన్నాడు.